సత్తెమ్మ బెల్లం కుండ

గోపన్‌పల్లి పాత ఊళ్లో సత్తెమ్మ కుడిచేతి నడిమి వేలు మెటిక చూస్తే ఆమె పనేంటో అడగాల్సిన అవసరం ఉండదు. చింతగింజలాగా నల్లగా, నున్నగా, గట్టిగా ఉంటుంది. నలభై ఏళ్లుగా కుండల్ని కొట్టీ కొట్టీ అట్లా అయింది. కుండ అమ్మే ముందు ఆ మెటికతో రెండు దెబ్బలు వేస్తుంది. ఖంగుమంటే కుండ మంచిది. బొద్దుమంటే ఎక్కడో కంటికి ఆనని నెర్ర ఉన్నట్టు. ఆ కుండ పక్కకు పోవాల్సిందే. కొనేవాళ్ల ఎదురుగా కొట్టి, వాళ్ల చెవిన పడ్డాకే చేతిలో పెట్టాలని కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్త నేర్పింది. "కుండను మాట్లాడనియ్యి, నువ్వు మాట్లాడకు" అన్నదట. అందులో మొదటి సగం సత్తెమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. రెండో సగం ఏనాడూ పాటించలేదు.

మొగుడు నర్సింహ ఒకప్పుడు సారె తిప్పినవాడే. చెరువు మట్టి ఉన్నన్నాళ్లు తిప్పాడు. చెరువు చుట్టూ గోడ లేచింది, గోడ వెనకాల అంతస్తులు లేచాయి, మట్టి మాత్రం లేవడం మానేసింది. ఇప్పుడు ఆ సారె మీద నీళ్ల డ్రమ్ము నిలబడి ఉంది. కుండలు షాద్‌నగర్ అవతల నుంచి వ్యాన్‌లో వస్తాయి. నర్సింహ నడుం నొప్పి వంకతో గడప మీద కూర్చుని, వచ్చిన ప్రతి కుండకూ వంక పెడతాడు. "ఇది కుండనా? సొరకాయకు మూతి పెట్టినట్టున్నది" అంటాడు. సత్తెమ్మ ఇంటి ముందే, నల్లగండ్ల పోయే రోడ్డు పక్కన, వేపచెట్టు కింద వాటిని పేర్చి అమ్ముతుంది.

కుండల బేరానికి ఎండ దేవుడు, వాన శని. శివరాత్రి పోయిందంటే సత్తెమ్మ నడకే మారిపోతుంది. కొళాయి బిగించిన మంచినీళ్ల రంజన్ల ముందు కార్లు ఆగుతాయి, అద్దాలు దిగుతాయి, లోపలి నుంచి చల్లగాలి, "ఎంతమ్మా" అనే మాట కలిసి వస్తాయి. ఊరంతా ఎండలను తిట్టుకుంటుంటే సత్తెమ్మ ఒక్కతే ఆకాశం వైపు చూసి "ఇంక జర కొట్టు తండ్రీ" అంటుంది. వడదెబ్బకు ఎవరో పోయారని టీవీలో చెప్తే మాత్రం ఆ మాట తనే అన్నట్టు సిగ్గుపడి చానల్ మార్చేస్తుంది.

మొదటి వాన పడగానే ఆ బేరం ఒక్క పూటలో చచ్చిపోతుంది. ఆషాఢంలో బోనం కుండలతో మళ్లీ ప్రాణం లేస్తుంది. వినాయక చవితికి మట్టి గణపతులు, దీపావళికి ప్రమిదలు. అక్కడి నుంచి మళ్లీ శివరాత్రి దాకా పెళ్లిళ్లకు ఐరేని కుండలు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ నెలల్లో సత్తెమ్మ ఉన్న కుండలనే దించి, తుడిచి, మళ్లీ పేరుస్తుంది. "కుండలకు గూడ ఎక్సర్‌సైజ్ చేపిస్తున్నవే" అని నర్సింహ గడప మీద నుంచి ఏడిపిస్తాడు.

ఈ కథ జరిగిన ఏడు మే నెలలోనే వానలు మొదలయ్యాయి. రోజు విడిచి రోజు పడ్డాయి. తెచ్చిన రంజన్లలో సగం నీలం పట్టా కిందే ఉండిపోయాయి. సత్తెమ్మ అన్నం తింటూ కూడా పట్టా వైపే చూసేది. ఆషాఢం వచ్చేసరికి ఆమె ఒక్కటే అనుకుంది, బోనాలకైనా ఒక్క కుండ మిగలొద్దు అని.

మిగల్లేదు కూడా. ఊరి బోనాలు ఆషాఢం చివరి ఆదివారం. శనివారం సాయంత్రానికే అన్నీ అయిపోయాయి. ఒక్కటి మాత్రం ఇంట్లో మూలకు ఉంది. వ్యాన్ దించేటప్పుడే మెటికకు బొద్దుమన్నది అది. మూతి కింద నుంచి జానెడు నెర్ర, వెంట్రుక మందం.

ఆదివారం పొద్దున సత్తెమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, దుకాణం మీద పట్టా కప్పుతుంటే ఒక కారు వచ్చి ఆగింది. దిగింది సంయుక్త. ఊరి చివర బండలు పేల్చి కట్టిన అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో అంతస్తు వాళ్లు. సొంతూరు కాకినాడ దగ్గర. నానక్‌రామ్‌గూడలో ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఎండాకాలంలో రంజన్ కొన్నప్పటి నుంచి సత్తెమ్మకు తెలుసు.

"అమ్మా, ఒక బోనం కుండ కావాలండి."

"అయ్యో బిడ్డా, నిన్ననే ఒడిసిపోయినయ్. నిన్న రాకపోతివి?"

"నిన్నంతా ఆఫీసులోనే ఉండిపోయానండి." సంయుక్త దుకాణమంతా ఒకసారి కళ్లతో వెతికింది. "పోయిన వానాకాలం మా లోహిత్‌కి డెంగీ వచ్చిందమ్మా. ప్లేట్‌లెట్లు పడిపోయి ఐసీయూలో పెట్టారు. అప్పుడు మా వాచ్‌మన్ యాదయ్య, పోచమ్మకు మొక్కుకో మేడం అంటే మొక్కుకున్నాను. నా చేతులతో వండి, నా నెత్తిన ఎత్తుకుని వస్తానని. లింగంపల్లి దాకా వెళ్లొచ్చాను, ఎక్కడా కుండ దొరకలేదు. ఒక్కటి చూడండి, మీకు పుణ్యం ఉంటుంది."

సత్తెమ్మ కళ్లు ఆమె అనుమతి లేకుండానే ఇంటి తలుపు వైపు పోయాయి.

"నిలబడు బిడ్డా. ఇంట్ల ఒకటున్నదేమో చూస్త."

ఇంట్లోకి పోయి ఆమె చేసిన పని పాత కుమ్మరోళ్లందరికీ తెలిసిందే. బెల్లం గడ్డ నలగ్గొట్టి, పాన్‌దాన్‌లో ఉన్న సున్నం కలిపి, బంకలాగా మెదిపి నెర్రలోకి వేలితో ఎక్కించింది. పొయ్యి సెగకు చూపించి ఆరబెట్టింది. పైన ఎర్రటి జాజు మట్టి పూసింది. గింజలు పోసుకునే కుండకు, చన్నీళ్ల కుండకు ఇట్లా వేసిన బెల్లం మాటు ఏళ్ల తరబడి ఆగుతుంది. బయటికి తెచ్చి సంయుక్త చేతుల్లో పెట్టబోతూ, అలవాటుగా మెటిక మడిచి చెయ్యెత్తింది. ఎత్తిన చేతిని అట్లాగే తల మీదికి పోనిచ్చి జుట్టు సవరించుకుంది.

మెటికతో కొట్టి చూపించమని అడగాలని సంయుక్తకు తెలియదు. అడగని మాటకు జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని సత్తెమ్మ ఆ క్షణంలో అనుకుంది. బోనానికి వచ్చినామెను ఒట్టి చేతులతో పంపొద్దు అని కూడా అనుకుంది. మంచి మాటే. కాకపోతే ఆ మంచి మాట గుర్తొచ్చేసరికి కుండ అమ్మడం అయిపోయింది, "పండుగ రేటు బిడ్డా" అని రోజూ కంటే కొంచెం ఎక్కువే తీసుకోవడం కూడా అయిపోయింది.

కారు పోయాక నర్సింహ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "చాయ్‌ల బెల్లం ఏదే? సప్పగున్నది."

"ఒడిసింది."

"నిన్ననే పావుకిలో తెస్తి గదా!"

"చీమలు తిన్నయ్."

"పావుకిలో బెల్లం తిన్న చీమలా? ఏడున్నయ్, జర సూపియ్యి. కాళ్లకు దండం పెట్టుకుంట."

సత్తెమ్మ నవ్వలేదు. నర్సింహ ఆమె గోళ్ల సందులో ఉన్న సున్నం చూశాడు. సప్పటి చాయే తాగాడు.

సాయంత్రం పోచమ్మ గుడికి పోయే ఎత్తు దారి అంతా డప్పులు, వేపాకులు, జనం. సత్తెమ్మ గుడి మెట్ల దగ్గర నిలబడి, తను అమ్మిన కుండలు ఒక్కొక్కటే పసుపూ కుంకుమా పూసుకుని, మీద దీపం పెట్టుకుని పైకి వస్తుంటే చూసుకుంటోంది. ఏటా ఆమెకు పండుగంటే అదే. అన్నీ తన చేతి మీదుగా పోయినవే అని కొంచెం గర్వం. దూరంగా సంయుక్త కనబడింది. పట్టుచీర, చెప్పుల్లేని కాళ్లు. ఒక పక్క అత్తగారు నాగేశ్వరి, ఇంకో పక్క ఎనిమిదేళ్ల లోహిత్. కుండకు తెల్లగా సున్నం, మీద పసుపు బొట్లు. నెర్ర ఎక్కడుందో సత్తెమ్మకు కూడా కనబడలేదు. హమ్మయ్య అనుకుంది.

అప్పుడు కుండ మీద నుంచి సన్నగా ఆవిరి లేవడం చూసింది.

వేడన్నం. బెల్లం మాటు చన్నీళ్లకు ఆగుతుంది, వేడికి కరుగుతుంది. ఆ సంగతి సత్తెమ్మకు తెలియక కాదు. పొద్దున ఆ వైపు ఆలోచన పోనివ్వలేదు, అంతే. బోనంలో అన్నం కాక ఇంకేం పోస్తారు? "బిడ్డా" అని ఒక అడుగు ముందుకు వేసింది. డప్పుల్లో ఆ పిలుపు ఆమెకే వినబడలేదు.

కుండ రెండుగా విడిపోయింది. పెద్ద చప్పుడు కూడా లేదు. అన్నం సంయుక్త భుజాల మీద నుంచి కిందికి జారింది. దీపం రాతి మీద పడి ఆరిపోయింది. డప్పులు ఆగాయి. సంయుక్త చేతులు ఇంకా నెత్తి మీదే ఉన్నాయి, లేని కుండను పట్టుకుని.

అందరూ సత్తెమ్మ వైపు చూశారు. ఊరికి బోనం కుండ ఇచ్చేది ఆమే కదా. కుండ సంగతి ఆమె నోటితోనే తేలాలి. ఆ చూపులకు సత్తెమ్మ నోరు తెరిచింది. నిజమే చెప్పబోయింది. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"అమ్మకు కోపమొచ్చినట్టున్నది."

ఆ మాట అందుకుని వెనకాల నుంచి ఎవరో "అమ్మ తీస్కోలే, అమ్మ తీస్కోలే" అన్నారు. అది మెట్ల మీద నుంచి కింది దాకా పాకిపోయింది. సంయుక్త వంగి, పెంకులను ఒక్కొక్కటే కొంగులోకి ఏరుకుంది. లోహిత్ ఏడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి నెలంతా సత్తెమ్మ రోడ్డు మీద ఆ కారు కనబడితే తల తిప్పుకునేది. కస్టమర్లకు కుండ మెటికతో ఒకటికి నాలుగుసార్లు కొట్టి చూపించేది. "అంత కొడితే అదే పగుల్తది" అనేవాడు నర్సింహ. ఆయన అంతకు మించి ఏమీ అడగలేదు. కిరాణా కొట్టు నుంచి బెల్లం తెచ్చినప్పుడల్లా మాత్రం పొట్లం ఆమె ముందు పెట్టి, "చీమలకు ఎంత, మనకు ఎంత?" అనేవాడు. ఆ మాట ప్రతిసారీ ముల్లులాగా గుచ్చుకునేది.

వినాయక చవితి ముందు రోజు సంయుక్తే వచ్చింది. మనిషి సగం అయిపోయింది. చిన్న మట్టి గణపతిని తీసుకుని, కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అడుగుతుంది, కుండ గురించి అడుగుతుంది అనుకుంది సత్తెమ్మ. అడిగితే చెప్పేద్దామని కూడా అనుకుంది.

"అమ్మా, నేనేం తప్పు చేశానంటారు?" అంది సంయుక్త.

"తప్పా? నువ్వేం తప్పు చేసినవ్ బిడ్డా?"

"మీ కుండ మంచిదే కదండి. ఊళ్లో అందరివీ బాగానే ఉన్నాయి, నాదొక్కటే పగిలింది. మడి సరిగ్గా కట్టుకోలేదేమో. మనసులో ఆఫీసు ఆలోచనలు ఉన్నాయేమో. బాబు మీదేమైనా వస్తుందేమోనని భయంగా ఉందమ్మా. వాణ్ణి ఆటలకు పంపించడం లేదు. ఈత క్లాసు మాన్పించేశాను. చిన్న దగ్గు వచ్చినా దవాఖానకి తీసుకెళ్తున్నాను." దవాఖాన అనే మాట ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నది. ఆమె నోట్లో అది కొత్త చెప్పులాగా బిగుతుగా పలికింది.

చెప్పడానికి అంతకంటే మంచి సందు ఎక్కడ దొరుకుతుంది? కానీ సంయుక్త తప్పంతా తన మీదే వేసుకుని, అడక్కుండానే సత్తెమ్మను వదిలేసింది. వదిలేస్తే పారిపోని మనిషి ఎవరు?

"కుండ మంచిదే బిడ్డా" అంది సత్తెమ్మ.

"మరి దీనికి పరిహారం ఏమైనా ఉందా? మీకు తెలిసే ఉంటుంది, తరతరాలుగా ఇస్తున్నారు కదా."

ఏదో ఒకటి చెప్పి పంపకపోతే ఆ కళ్లు ఇంకా అట్లాగే చూస్తాయి. సత్తెమ్మ నోటికి ఏది వస్తే అది చెప్పింది. "పదకొండు మంగళారాలు ఒక్క పొద్దుండు. పెంకులు ఉన్నయా? పసుపు గుడ్డల కట్టి ఇంట్ల పెట్టు. పదకొండు అయినంక చెరువుల ఇడువు."

సంయుక్త వంగి ఆమె కాళ్లకు దండం పెట్టింది. పదకొండు ఎందుకు అన్నదో సత్తెమ్మకు ఇప్పటికీ తెలియదు. రెండు అన్నా సరిపోయేది.

ఆ తర్వాతి మంగళవారం నుంచి సత్తెమ్మ కూడా ఒక్క పొద్దు మొదలుపెట్టింది. ఆమె పస్తు ఉంటే సంయుక్త పస్తు కొంతైనా తేలికవుతుందని ఆశ. నర్సింహ చూసీ చూసీ ఒక రోజు అన్నాడు, "ఎవల కోసం ఉంటున్నవే ఈ ఉపాసం?"

"పోచమ్మ కోసం."

"పోచమ్మకు ఆకలైతే అన్నం పెట్టు. నువ్వు తినకుంటే ఆమె కడుపెట్ల నిండుతది?" తర్వాత నవ్వు లేని గొంతుతో అన్నాడు. "ఆమెకు బోయి చెప్పరాదే."

"చెప్తే రేపటి నుంచి మన కుండ ఎవలు ముట్టుకుంటరు?"

"సారె నేను తిప్పినన్ని రోజులు నెర్రిచ్చిన కుండను గోడకేసి కొట్టిన. మాటు వేసి అమ్మలే" అన్నాడు నర్సింహ. ఆయన వంకలు పెట్టినన్నాళ్లు సత్తెమ్మ ఎదురు తిట్టేది. ఇది వంక కాదు.

అక్టోబరులో సంయుక్త ఫోన్ చేసింది. ఆఫీసులో దీపావళి సంబరాలకు రెండు వేల ప్రమిదలు కావాలట. "మీ దగ్గరే తీసుకోవాలని నేనే చెప్పానండి. మీరు నాకు దారి చూపించారు కదా." మే నెల నష్టమంతా ఆ ఒక్క ఆర్డర్‌తో పూడిపోతుంది. ఫోన్ పెట్టేశాక సత్తెమ్మ చాలాసేపు పట్టా కింది రంజన్ల పక్కన కూర్చుంది. తిట్టిన మనిషికి సరుకు అమ్మొచ్చు, కొట్టిన మనిషికి అమ్మొచ్చు. దండం పెట్టిన మనిషికి ఎట్లా అమ్మాలో ఆమెకు తెలియలేదు. వద్దని మాత్రం అనలేదు.

ప్రమిదలు తీసుకెళ్లింది ఏడో మంగళవారం. ఆటోలో నాలుగు గంపలు. లిఫ్ట్‌లో తొమ్మిదో అంతస్తుకు చేరి, గంపలు తలుపు ముందు దించింది.

తలుపు తీసింది నాగేశ్వరి. "రండి రండి, సత్తెమ్మ గారేనా? కూర్చోండి. మా కోడలు దేవుడి దగ్గర ఉంది. ఇవాళ మంగళవారం కదండీ." గొంతు తగ్గించింది. "ఏడు కిలోలు తగ్గిపోయిందండీ. నేను చెప్తే వినదు. మీరైనా చెప్పండి."

లోహిత్ బాల్కనీ గాజు తలుపుకు ముక్కు ఆనించి కింద ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తున్నాడు. బడి నుంచి వచ్చాక వాడికి కిందికి వెళ్లే అనుమతి లేదు. వాడి ముక్కు ఆనిన చోట అద్దం మీద ఒక మరక. రోజూ అక్కడే ఆనిస్తాడు కాబోలు.

సంయుక్త వచ్చింది. నవ్వింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "అమ్మా, ఒక మాట అడగాలండి. రండి." బాల్కనీలోకి తీసుకెళ్లింది. తులసి కుండీ పక్కన పీట మీద పసుపు గుడ్డ మూట. మూట నిండా ఎర్ర చీమలు. గోడ మీద నుంచి బారు కట్టి వస్తున్నాయి.

"మందు చల్లినా పోవడం లేదండి. చుట్టూ పసుపు పోసినా ఆగడం లేదు. ఇంట్లో ఇంకెక్కడా చీమల్లేవు. మూట దగ్గరే. అమ్మవారు ఏదో చెబుతోందనిపిస్తోంది నాకు."

"అదే నాకూ అర్థం కాలేదు" అంది వెనకాల నుంచి నాగేశ్వరి. "మేం పెట్టింది పాలన్నం కదండీ, కాస్త పెరుగు తోడేశాం. బెల్లం వెయ్యలేదు. ఉత్త మట్టి పెంకులకి చీమలెందుకు పడతాయి?"

సంయుక్త సత్తెమ్మ ముఖంలోకి చూస్తోంది. ఏం చెప్తే అది చెయ్యడానికి సిద్ధంగా ఉంది. ఇరవై ఒక్క వారాలు అంటే ఇరవై ఒక్కటీ ఉంటుంది. తిరుపతి దాకా నడువు అంటే నడుస్తుంది. ఆ పిల్లవాడు ఆ అద్దానికి ముక్కు ఆనించి అట్లాగే నిలబడతాడు. అదంతా సత్తెమ్మ ముందు ఒక్కసారిగా వచ్చి నిలబడింది.

ఆమె కింద కూర్చుని మూట విప్పింది. చీమలు చేతి మీదికి ఎక్కి కుట్టాయి. దులపలేదు. పెద్ద పెంకు తీసి, అంచున తెల్లగా గడ్డకట్టిన దాన్ని గోరుతో గీకింది. నాలుక మీద వేసుకుంది.

"బెల్లం" అంది.

ఇద్దరూ ఏమీ అర్థం కానట్టు చూశారు.

"బెల్లం బిడ్డా. బెల్లం, సున్నం. నేనే పెట్టిన. ఈ కుండ నీ చేతికి రాకముందే నెర్రిచ్చింది. ఒక్కటే మిగిలింది, మాటు పెట్టి ఇచ్చిన. వేడన్నానికి కరిగింది. అమ్మకు నీ మీద కోపం లేదు. నీ తప్పు ఇసుమంత లేదు."



"మరి ఆ రోజు అమ్మకు కోపం వచ్చిందని మొదట అన్నది మీరే కదా?" అంది సంయుక్త. గొంతు చాలా మెల్లగా ఉంది.

"నేనే."

"చవితికి అడిగితే కుండ మంచిదే అన్నారు."

"అన్న."

"పదకొండు మంగళవారాలు?"

"నోటికొచ్చింది చెప్పిన బిడ్డా."

అప్పుడు నాగేశ్వరి అందుకుంది. అప్పటిదాకా రండి కూర్చోండి అన్న మనిషి. "ఎంత మాట చెప్పావు తల్లీ! పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా పడి ఉంటోందే అది! పసివాణ్ణి జైల్లో పెట్టినట్టు పెట్టిందే! ఒక్క కుండ డబ్బు కోసమా ఇదంతా? నీ ఇంట్లో పిల్లల్లేరూ?" ఇంకా చాలా అంది. సత్తెమ్మ తలొంచుకుని అన్నీ వింది. ఆ తిట్లు పడుతుంటే ఆమెకు ఒంటికి కొంచెం హాయిగానే ఉంది. సంయుక్త కూడా తిడితే బాగుండు అనుకుంది.

సంయుక్త తిట్టలేదు. లోపలికి పోయి, ప్రమిదల డబ్బులు ఫోన్‌లో పంపింది. సత్తెమ్మ కొంగులో ఉన్న ఫోన్ డబ్బు వచ్చిందని గట్టిగా అరిచి చెప్పింది. అంత సిగ్గు ఆమె జన్మలో పడలేదు.

"ప్రమిదలు వద్దంటే ఆఫీసులో అందరికీ ఇబ్బంది. అందుకే తీసుకుంటున్నాను" అంది సంయుక్త. "మీరు ఆ రోజు అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి. నేను ఆ ఊళ్లోంచే ఆఫీసుకి వెళ్లాలి. నన్ను చూసి ఇప్పటికీ పక్కకి జరుగుతున్నారు."

లిఫ్ట్ దిగి గేటు దాకా వచ్చేసరికి సత్తెమ్మ వెనకాల నుంచి చిన్న చెప్పుల చప్పుడు టపటపా వచ్చి, ఆమెను దాటి, ఆడుకునే పిల్లల్లో కలిసిపోయింది. తొమ్మిదో అంతస్తు నుంచి కేక వినబడింది. "లోహిత్! ఆరింటికల్లా పైకి రావాలి!" సత్తెమ్మ తల ఎత్తి చూడలేదు. యాదయ్య గేటు తీశాడు.

శుక్రవారం పోచమ్మ గుడి దగ్గర ఆడవాళ్లు చేరే వేళకు సత్తెమ్మ మెట్టు మీద నిలబడి చెప్పింది. ఎప్పుడూ గలగలా వాగే మనిషికి ఆ నాలుగు మాటలు రావడానికి నాలుగు గుక్కల నీళ్లు పట్టింది. విని ఒకామె అడిగింది, "ఇన్నేండ్లు మాకిచ్చిన కుండలకు గూడ గిట్లనే పెట్టినవా?"

"లేదు. అదొక్కటే."

నిజమే చెప్పింది. కానీ ఆ మాటను నమ్మించడానికి తన దగ్గర ఇప్పుడు ఏమీ లేదని ఆమెకే తెలిసింది.

ఆ చలికాలం ఊళ్లో మూడు పెళ్లిళ్లు అయ్యాయి. ఐరేని కుండలు మూడిళ్లవాళ్లూ లింగంపల్లిలో కొన్నారు. గంపల్లో తెచ్చుకుంటూ ఆమె దుకాణం ముందు నుంచే పోయారు. సత్తెమ్మ తన కుండలు దించి, తుడిచి, మళ్లీ పేర్చింది. ఈసారి నర్సింహ ఎక్సర్‌సైజ్ జోకు వెయ్యలేదు. గడప మీద నుంచి లేచి వచ్చి, నడుం పట్టుకుని, ఒక్కొక్క కుండ అందించాడు.

ఎండలు ఆ ఏడు మంచిగా కాశాయి. పట్టా కింద ఉన్న రంజన్లన్నీ అమ్ముడుపోయాయి. దారిన పోయే కార్లవాళ్లకు బెల్లం సంగతి తెలియదు కదా. "ఇంక జర కొట్టు తండ్రీ" అని మాత్రం సత్తెమ్మ అనలేదు. అడిగే మొఖం తనకు లేదనుకుంది.

మళ్లీ ఆషాఢం వచ్చింది. బోనం కుండలు దించింది. ఊరివాళ్లు వచ్చారు, తక్కువే వచ్చారు. వచ్చినవాళ్లు ఆమె మెటిక ఎత్తే లోపలే తమ మెటికతో తామే కొట్టి చూశారు. ఒకటికి రెండుసార్లు. సత్తెమ్మ పక్కన పొయ్యి మీద నీళ్లు మరిగించి పెట్టుకుంది. అమ్మే ప్రతి కుండలో ముందు మరుగు నీళ్లు పోసి, కొనేవాళ్ల ఎదురుగా పావుగంట ఉంచి, అప్పుడు ఇచ్చింది. "కుండలకు స్నానం చేపిస్తున్నవా, చాయ్ పెడుతున్నవా?" అన్నాడు నర్సింహ. ఎంతో కాలానికి ఆమెకు కొంచెం నవ్వు వచ్చింది.

శనివారం సాయంత్రం దాకా ఆమె మంచి కుండ ఒకటి ఎవరికీ ఇవ్వకుండా వెనక పెట్టింది. మెటికకు గుడిగంటలాగా మోగే కుండ. మూడుసార్లు మరుగు నీళ్లు పోసింది. కారు రాలేదు.

ఆదివారం డప్పుల వెంట సంయుక్త వచ్చింది. నెత్తి మీద ఇత్తడి బోనం. కొత్తది, ఎండకు తళతళా మెరుస్తోంది. పక్కన లోహిత్ పోయినేటి కంటే జానెడు ఎత్తుగా, మోకాలికి ఆటలో తగిలిన దెబ్బ మీద ప్లాస్టర్‌తో నడుస్తున్నాడు. సత్తెమ్మ దుకాణం ముందుకు వచ్చినప్పుడు సంయుక్త ఇటు చూసింది. తిరస్కారంగా చూడలేదు, దండం పెట్టినట్టూ చూడలేదు. పోయే దారిలో ఏముందో చూసుకున్నట్టు చూసి ముందుకు పోయింది.

సత్తెమ్మ లేచింది. వెనక దాచిన కుండను అక్కడే వదిలేసి, జనంలో కలిసి ఆమె వెనకాలే ఎత్తు దారి ఎక్కింది. కిందటేడు కుండ విడిపోయిన రాయి దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి, కింద పడేదాన్ని పట్టుకోవడానికి అన్నట్టు. ఇత్తడి పగలదని ఆమెకు తెలుసు. అయినా గుడి మెట్లు వచ్చే దాకా చేతులు దించలేదు.